పక్క ప్లాట్‌లో మొలిచినవి ఏంటో తేల్చుకున్న నా అనుభవం

హస్త కార్తెలో ముసురు పట్టి వదిలితే చాలు, మా గుంటూరులో ఖాళీ ప్లాట్లనిండా పుట్టగొడుగులే. ఈసారి మా ఇంటి పక్క స్థలంలో ఒక్కోటి జానెడు వెడల్పున, తెల్లగా, నడిమధ్య గోధుమరంగు పెచ్చులతో లేచినయ్, చూస్తే వండుకోవాలనే అనిపిస్తది. మా అత్తయ్య "తెల్లగానే ఉన్నయ్ గదమ్మా, పురుగులు కూడా తింటన్నయ్, విషమైతే తింటయ్యా, నాలుగు కోసుకురా" అన్నారు. పురుగుకి పడింది మనకి పడాలని లేదత్తయ్యా, రేపటిదాకా ఆగండి అన్నా.

ముందు ఫోన్‌లో యాప్ పెట్టి చూశా. పైనుంచి ఫోటో తీస్తే ఒక పేరు, పక్కనుంచి తీస్తే ఇంకో పేరు, అందులో ఒకటి తినేదంట ఒకటి విషమంట! ఫోటో చూసి అది మాత్రం ఏం చెప్తదిలే, మట్టిలో ఏముందో దానికేం కనపడుద్ది. అందుకే కత్తితో మొదలంటా తవ్వి తీశా. మొదట్లో సంచి లాంటిది ఉందేమో చూడాలి, ప్రాణాలు తీసే అమానిటా రకాలు చాలావాటికి అది ఉంటది, కాకపోతే మనం తినే వరిగడ్డి పుట్టగొడుక్కి కూడా ఉంటది, అదే తిప్పలు. వీటికి సంచి లేదు. కాడ మీద ఉంగరం ఉంది, వేలితో నెడితే పైకీ కిందకీ జరుగుతోంది. కాడ కోసి పెడితే తెల్లకండ కాసేపటికి ఎర్రబారింది. లేతవాటికి అడుగున రేకులు తెల్లగానే ఉన్నయ్ గానీ బాగా విచ్చుకున్న వాటికి బూడిద కలిసిన పచ్చదనం వచ్చింది.

అసలు తేల్చేది స్పోర్ ప్రింట్, అంటే రేకుల్లోంచి రాలే సన్నపొడి కాగితం మీద వేసే అచ్చు. విచ్చుకున్నదే తీసుకోవాలి, మొగ్గ పనికిరాదు. కాడ కోసేసి, సగం తెల్ల కాగితం సగం నల్ల కాగితం పక్కపక్కన పెట్టి, రేకులు కిందకి ఉండేట్టు బోర్లించి, పైన స్టీలు గిన్నె మూసి రాత్రంతా వదిలేశా. తెల్ల పొడి రాలితే తెల్ల కాగితం మీద కనపడదు, అందుకే ఆ నల్లది. పొద్దున గిన్నె తీస్తే రేకులు రేకులుగా గీతలు, అచ్చం గోరింటాకు పొడిలాంటి ఆకుపచ్చ రంగు. ఇంక డౌట్ లేదు, క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ అనే విషపు రకం. తింటే ఒకటి నుంచి మూడు గంటల్లో వాంతులూ విరేచనాలూ పట్టుకుంటయ్.

అత్తయ్య ఇంకా వదల్లా, వెండి కాసు వేసి ఉడికిద్దాం, నల్లబడితేనే విషం అంటారు. అమానిటాల్లో విషం ఉడికించినా పోదు, వెండి నల్లబడదు, పైగా తిన్న ఆరు గంటలకో పన్నెండు గంటలకో గానీ బయటపడదు, వాంతులు తగ్గి బాగైపోయింది అనుకునే టైంలో లివర్ పోతది. ఇది చెప్పాక ఊరుకున్నారు.

తర్వాత తాడికొండ వైపు మా బాబాయి వాళ్ళ పొలం వెళ్తే చెదపుట్ట మీద మొలిచినవి చూపించాడు. నడిమధ్య మొన తేలి ఉంది, ఉంగరం లేదు, సంచీ లేదు. చేత్తో పీకబోతుంటే ఆపి మట్టి మెల్లగా తవ్వించా, కాడ కింద వేరులాగా సన్నగా దిగి దిగి పుట్టలో చెదలు పెంచుకునే మెత్తటి గూడు దాకా పోయింది. చెదలు సాగు చేసుకునేదే ఇది, టెర్మిటోమైసిస్. ప్రింట్ లేత గులాబీ వచ్చింది, ఆ రంగు విషపు రకాలు కొన్నిటికి కూడా వస్తది కాబట్టి నాకు నమ్మకం కుదిరింది మాత్రం ఆ వేరు చూశాకే.

పిన్ని ఉల్లిపాయ పచ్చిమిర్చి వేసి వేపుడు చేసింది. నేను కొంచెమే తిని, వండనిది ఒకటి కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టా, ఏదన్నా అయితే డాక్టర్‌కి చూపించాలిగా. "మా తాతల కాడ్నుంచి తింటన్నాం, నువ్వేందే దానికి పోస్టుమార్టం చేస్తన్నావ్" అని బాబాయి ఒకటే నవ్వు.