28-3 ఆధిక్యం ఎక్కడ పోయింది: ఫంబుల్‌లోనా, కోచ్ నిర్ణయంలోనా?

అట్లాంటా ఫాల్కన్స్ ఓటమి మాట ఎత్తగానే అందరికీ గుర్తొచ్చేది ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరే ఆటగాడు) మ్యాట్ రయాన్ చేతిలోంచి జారిన బంతి. 2017 ఫిబ్రవరి 5న హ్యూస్టన్‌లో జరిగిన 51వ సూపర్ బౌల్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఫైనల్ అది. మూడో క్వార్టర్‌లో 28-3తో ముందున్న జట్టు, ఓవర్‌టైమ్‌లో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ చేతిలో 34-28తో ఓడిపోయింది. అట్లాంటా చుట్టుపక్కల స్థిరపడ్డ మనవాళ్లలో ఆ జట్టును అభిమానించేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలోనూ ఎక్కువమంది ఆ ఫంబుల్ దగ్గరే ఆగిపోతారు. కానీ కాగితం మీద లెక్క వేసి చూస్తే ఆ వాదన నిలవదు.

ఆ రోజు టర్నోవర్లలో గెలిచింది ఫాల్కన్సే. పేట్రియట్స్ రెండుసార్లు బంతి పోగొట్టుకున్నారు, ఫాల్కన్స్ ఒక్కసారే. రెండో క్వార్టర్‌లో పేట్రియట్స్ ఆటగాడు లెగారెట్ బ్లౌంట్ ఫంబుల్ చేశాడు, అంటే బంతి చేజార్చుకున్నాడు. బంతి అట్లాంటా 29 గజాల గీత దగ్గర, అంటే వాళ్ల సొంత గోల్‌కి 29 గజాల దూరంలో, ఫాల్కన్స్‌కి దొరికింది. అక్కడి నుంచి ఐదే ఆటల్లో (బంతి కదిలి ఆగేదాకా ఒక ఆట, దాన్నే ప్లే అంటారు) 71 గజాలు వెళ్లి టచ్‌డౌన్ కొట్టారు. ప్రత్యర్థి గోల్ గీత దాటితే టచ్‌డౌన్, దానికి ఆరు పాయింట్లు, తర్వాతి కిక్‌కి ఇంకొకటి. అదే క్వార్టర్‌లో పేట్రియట్స్ క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ పాస్‌ని ఫాల్కన్స్ ఆటగాడు రాబర్ట్ ఆల్ఫర్డ్ మధ్యలో అందుకుని 82 గజాలు పరుగెత్తి నేరుగా టచ్‌డౌన్ చేశాడు. అంటే ప్రత్యర్థి టర్నోవర్ల నుంచి ఫాల్కన్స్‌కి 14 పాయింట్లు వచ్చాయి. రయాన్ ఫంబుల్ వల్ల పేట్రియట్స్‌కి వచ్చినవి 8. టర్నోవర్లే మ్యాచ్‌ని తేల్చి ఉంటే ట్రోఫీ అట్లాంటాకే వెళ్లాలి.

అమెరికన్ ఫుట్‌బాల్ కొత్తవాళ్లకి రెండు ముక్కలు. పది గజాలు ముందుకెళ్లడానికి నాలుగు అవకాశాలు ఉంటాయి, ఒక్కోదాన్ని డౌన్ అంటారు. మూడో డౌన్‌లోనూ కుదరకపోతే సాధారణంగా బంతిని దూరంగా తన్నేస్తారు, అది పంట్. గోల్‌కి దగ్గరగా ఉంటే మూడు పాయింట్ల ఫీల్డ్ గోల్‌కి ప్రయత్నిస్తారు. ఆట మొదలయ్యే గీతకి 17 లేదా 18 గజాలు కలిపితే ఆ కిక్ దూరం వస్తుంది. ఈ చివరి లెక్క గుర్తుంచుకోండి, మళ్లీ దీనితో పని ఉంది.

ముందు ఆ ఫంబుల్‌నే దగ్గరగా చూద్దాం. నాలుగో క్వార్టర్‌లో 8 నిమిషాల 31 సెకన్లు మిగిలి ఉన్నాయి. స్కోరు 28-12. బంతి అట్లాంటా సొంత 36 దగ్గర ఉంది, మూడో డౌన్, ఒక్క గజం కావాలి. అంతకుముందు రెండు ఆటల్లో టెవిన్ కోల్మన్ పరుగెత్తి ఎనిమిది గజాలొకసారి, ఒక గజమొకసారి తెచ్చాడు. ఆ రెండో పరుగులో దెబ్బ తగిలి బయటికి వెళ్లిపోయాడు. ఫాల్కన్స్ అఫెన్స్ కోఆర్డినేటర్ (బంతి తమ దగ్గర ఉన్నప్పుడు ప్లేలు ఎంచుకునే కోచ్) కైల్ షానహన్ పాస్ ఎంచుకున్నాడు. అదీ రెండు సెకన్లలో చేయి వదిలే పొట్టి పాస్ కాదు. రయాన్ బాగా వెనక్కి అడుగులేసి, రిసీవర్లు (పాస్ అందుకునేవాళ్లు) దూరం వెళ్లేదాకా కాచుకోవాల్సిన రకం.

పేట్రియట్స్ డిఫెన్స్ నుంచి లైన్‌బ్యాకర్ డాంటా హైటవర్ పక్కగా దూసుకొచ్చాడు. అతన్ని అడ్డుకోవాల్సింది ఫాల్కన్స్ రన్నింగ్ బ్యాక్ (బంతితో పరుగెత్తే ఆటగాడు) డెవాంటా ఫ్రీమన్. ఫ్రీమన్ చూపు లోపలి వైపు ఉంది, తిరిగేసరికి హైటవర్ దాటిపోయాడు. రయాన్ బంతిని భుజం మీదికి ఎత్తాడు, ఇంకా విసరలేదు. పాసర్ చేయి ముందుకు కదలడం మొదలైతే, బంతి జారినా అది పడిపోయిన పాస్ కిందే లెక్క. ఇక్కడ కదలక ముందే దెబ్బ పడింది కాబట్టి అది ఫంబుల్. పేట్రియట్స్ ఆటగాడు ఆలన్ బ్రాంచ్ అట్లాంటా 25 గజాల గీత దగ్గర బంతి మీద పడ్డాడు.

ఇందులో తప్పు ఎవరిది? ఫ్రీమన్ బ్లాక్ వదిలేశాడు, అది ఆటగాడి తప్పు. కానీ ఒక్క గజం కావాల్సిన చోట ఎక్కువసేపు పట్టే పాస్ పెట్టి, ఆ ఒక్క బ్లాక్ మీద మ్యాచ్ మొత్తం వేలాడేలా చేసింది ప్లే ఎంచుకున్న కోచ్. పరుగు పెట్టి అది విఫలమైందనుకుందాం. పంట్ కొడితే పేట్రియట్స్ తమ సొంత 20, 25 ప్రాంతంలో మొదలుపెట్టాలి. గడియారంలో ఎనిమిది నిమిషాల లోపే ఉంటుంది, వాళ్లకి కావాల్సింది 16 పాయింట్లు. ఫంబుల్ వల్ల వాళ్లకి 75 గజాల బదులు 25 గజాలే మిగిలాయి. పరుగు విఫలమైతే జరిగే నష్టానికీ, పాస్ విఫలమైతే జరిగే నష్టానికీ మధ్య యాభై గజాల తేడా. ఆధిక్యంలో ఉన్న జట్టు ప్లే ఎంచుకునేటప్పుడు ముందుగా చూడాల్సింది ఈ తేడానే, ఎన్ని గజాలు రావచ్చు అన్నది ఆ తర్వాత.

ఇంత చెప్పినా, ఆ ఫంబుల్‌తో మ్యాచ్ పోలేదు. దాని నుంచి పేట్రియట్స్ టచ్‌డౌన్ కొట్టి, రెండు పాయింట్ల కన్వర్షన్ (కిక్ బదులు మళ్లీ గోల్ గీత దాటడం) కూడా సాధించారు. 28-20, ఇంకా 5:56 ఉంది. ఫాల్కన్స్ 8 పాయింట్లు ముందున్నారు, బంతీ వాళ్లదే. మ్యాచ్ పోయింది ఈ తర్వాతి డ్రైవ్‌లో, అంటే బంతి ఒక జట్టు చేతిలో ఉన్నంతసేపు సాగే ఆటల వరుసలో. అందులో ఒక్క టర్నోవర్ కూడా లేదు.

బంతి సొంత 10 దగ్గర మొదలైంది. ఫ్రీమన్‌కి వేసిన పాస్ 39 గజాలు తెచ్చింది. తర్వాత ఒక చిన్న పరుగు. ఆ తర్వాత జూలియో జోన్స్ పక్క గీత అంచున గాల్లోకి లేచి, రెండు పాదాల మునివేళ్లనీ లోపలే ఆనించి పట్టిన 27 గజాల పాస్. ఆ స్థాయి క్యాచ్‌లు ఒక సీజన్‌లో ఎన్నో కనిపించవు. బంతి పేట్రియట్స్ 22 దగ్గరికి చేరింది. గడియారంలో 4:40 ఉంది.

ఇక్కడ లెక్క వేయండి. 22కి 17 కలిపితే 39, 18 కలిపితే 40 గజాల కిక్. స్టేడియానికి పైకప్పు ఉంది, గాలి ఇబ్బంది లేదు. తన్నేది మ్యాట్ బ్రయంట్, ఆ సీజన్‌లో లీగ్‌లోనే నమ్మకమైన కిక్కర్లలో ఒకడు. మూడు పాయింట్లు వస్తే 31-20. పదకొండు పాయింట్ల తేడా అంటే పేట్రియట్స్‌కి బంతి రెండుసార్లు దొరకాలి. మూడు డౌన్లూ ఫ్రీమన్ నేరుగా లైన్లోకి పరుగెత్తి, ఒక్క గజం రాకుండా కింద పడినా చాలు. పడ్డ ప్రతిసారీ గడియారం నుంచి 40 సెకన్లు కరిగిపోతాయి, లేదంటే పేట్రియట్స్ ఒక టైమౌట్ ఖర్చు చేసుకోవాలి. రెండూ అట్లాంటాకి లాభమే.

మొదటి డౌన్‌లో ఫ్రీమన్ పరుగెత్తి ఒక గజం వెనక్కి పడ్డాడు. కిక్ దూరం ఒక గజం పెరిగింది, అంతే, కంగారు పడాల్సిందేమీ లేదు. రెండో డౌన్, 11 గజాలు కావాలి. షానహన్ మళ్లీ వెనక్కి అడుగులేసే పాస్ పెట్టాడు. పేట్రియట్స్ ఆటగాడు ట్రే ఫ్లవర్స్ మధ్యలోంచి చొచ్చుకొచ్చి రయాన్‌ని 35 దగ్గర పడేశాడు. ఆ శాక్‌తో (పాస్ విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ని పడేయడం) 40 గజాల కిక్ 52, 53 గజాలకి వెళ్లిపోయింది. మూడో డౌన్‌లో మొహమ్మద్ సనూకి 9 గజాల పాస్ అందింది. అది నిలిచి ఉంటే బంతి 26 దగ్గరికి వచ్చేది, 43 గజాల కిక్, మళ్లీ అందుబాటులోకి. కానీ ఫాల్కన్స్ ఆటగాడు జేక్ మాథ్యూస్ హోల్డింగ్ చేశాడు, అంటే ప్రత్యర్థిని చేతులతో పట్టి ఆపాడు. దాంతో పాస్ రద్దయి, పది గజాల శిక్ష పడింది. బంతి 45కి వెళ్లింది, మూడో డౌన్‌లో 33 గజాలు కావాలి. ఆ పాస్ అందలేదు, చివరికి పంట్ కొట్టారు. సొంత 9 దగ్గర బ్రేడీకి బంతి దొరికింది, 3:30 సమయంతో. 91 గజాలు వెళ్లి, 57 సెకన్లు ఉండగా టచ్‌డౌన్ కొట్టి, రెండు పాయింట్లు కలిపి 28-28 చేశారు.

మాథ్యూస్ పెనాల్టీ ఆటగాడి తప్పే. అయితే జట్టు 23 దగ్గరే ఉండి పరుగులు పెట్టి ఉంటే అతను ఆ పాస్ బ్లాక్ చేయాల్సిన పరిస్థితే వచ్చేది కాదు. మొత్తం డ్రైవ్‌లో నాకు క్షమించరానిదిగా కనిపించేది ఆ రెండో డౌన్ ఒక్కటే.

షానహన్ వైపు కూడా వాదన ఉంది, దాన్ని పక్కన పెట్టేయడం న్యాయం కాదు. ఇదే కోచ్ నడిపిన అఫెన్స్‌తోనే రయాన్ ఆ ఏడాది లీగ్ ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) అయ్యాడు. ఆ మ్యాచ్‌లో కూడా 23 పాస్‌లలో 17 అందాయి, 284 గజాలు వచ్చాయి. ప్రతి ఆట మొదట్లో బంతిని క్వార్టర్‌బ్యాక్‌కి అందించే సెంటర్ అలెక్స్ మ్యాక్ విరిగిన కాలి ఎముకతోనే ఆడుతున్నాడు, కోల్మన్ బయట ఉన్నాడు. పరుగు ఖాయమని ఎదుటివాళ్లకి తెలిస్తే లైన్ దగ్గరికి మనుషుల్ని కుమ్మరిస్తారు. ఇవన్నీ నిజాలే. పైగా సొంత 10 నుంచి ధైర్యంగా పాస్‌లు వేయకపోతే బంతి 22 దాకా వచ్చేదే కాదు, ఆ పాస్‌లకి నేను పూర్తిగా మద్దతిస్తాను. కానీ ఫీల్డ్ గోల్ దూరంలోకి చేరాక ఆట లక్ష్యం మారిపోయింది. అప్పటిదాకా కావాల్సింది గజాలు, అక్కడి నుంచి కావాల్సింది బంతి వెనక్కి పోకపోవడం. పాస్ వేయాలనే ఉంటే స్నాప్ (సెంటర్ వెనక్కి ఇచ్చే బంతి) అందగానే వదిలేసే పొట్టి పాస్‌లు ఉన్నాయి, ఎవరూ ఖాళీగా లేకపోతే బయటికి విసిరేయమని క్వార్టర్‌బ్యాక్‌కి ముందే చెప్పొచ్చు. శాక్ పడే అవకాశం ఉన్న ఆట మాత్రం అక్కడ తగదు.

గడియారం సంగతీ చూడాలి. ఒక ఆట ముగిశాక తర్వాతిది మొదలుపెట్టడానికి ఇచ్చే గడువు, అంటే ప్లే క్లాక్, 40 సెకన్లు ఉంటుంది. అందులో 15 సెకన్లు మిగలగానే కోచ్‌కీ క్వార్టర్‌బ్యాక్‌కీ మధ్య హెడ్‌సెట్ తెగిపోతుంది. కోచ్ ప్లే పంపడం ఆలస్యమైతే, లైన్ దగ్గర ఎదుటివాళ్ల అమరిక చూసి మార్చుకోవడానికి రయాన్‌కి టైం మిగలదు. ఆధిక్యంలో ఉన్న జట్టు ప్లేని త్వరగా పంపి, స్నాప్‌ని మాత్రం ఆఖరి రెండు మూడు సెకన్ల దాకా లాగాలి. పది సెకన్లు ముందుగా చేసిన స్నాప్‌లు ఆరు ఉంటే ఒక నిమిషం ఎదుటివాళ్ల చేతిలో పెట్టినట్టు.

డిఫెన్స్ ఎందుకు కూలిపోయిందో కూడా ఇక్కడే ఉంది. ఆ రోజు పేట్రియట్స్ 93 ఆటలు ఆడారు, ఫాల్కన్స్ 46. మూడో డౌన్‌లో ఫాల్కన్స్ ఎనిమిదింటిలో ఒక్కటే గట్టెక్కించారు. అఫెన్స్ మైదానంలో నిలవలేదు కాబట్టి డిఫెన్స్‌కి ఊపిరి పీల్చుకునే టైం దొరకలేదు. ముగ్గురి పని ఒక్కడే చేసినట్టు గ్రేడీ జారెట్ మూడు శాక్‌లు చేశాడు. కానీ నాలుగో క్వార్టర్ చివరికి వచ్చేసరికి ఆ లైన్ కాళ్లలో పస లేదు. ఫాల్కన్స్ హెడ్ కోచ్ డాన్ క్విన్ ఆ రోజు ఎక్కువగా నమ్ముకున్నది మనిషికి మనిషి కాపలా కాసే కవరేజ్. అలసిన కాళ్లతో అది అన్నిటికన్నా కష్టం. పేట్రియట్స్‌లో జేమ్స్ వైట్ ఒక్కడే 14 పాస్‌లు అందుకున్నాడు.

దీని పక్కన అంతకు రెండేళ్ల ముందు జరిగిన 49వ సూపర్ బౌల్ పెట్టి చూడండి. ఎదురుగా ఇదే పేట్రియట్స్. సియాటిల్ 28-24తో వెనకబడి ఉంది, బంతి ఒక్క గజం గీత దగ్గర, రెండో డౌన్, 26 సెకన్లు, ఒక్క టైమౌట్. బంతితో పరుగెత్తే మార్షాన్ లించ్‌కి ఇవ్వకుండా పాస్ వేయించారని సియాటిల్ కోచ్ పీట్ క్యారల్‌ని ఇప్పటికీ తిడతారు. కానీ ఆ నిర్ణయం వెనక లెక్క ఉంది. ఒకే టైమౌట్‌తో మూడు డౌన్లూ వాడుకోవాలంటే వాటిలో ఒకటి పాస్ అయి తీరాలి, పాస్ అందకపోతే గడియారం ఆగుతుంది. అక్కడ మ్యాచ్ పోయింది పేట్రియట్స్ ఆటగాడు మాల్కమ్ బట్లర్ వల్ల. అతని జట్టులోని బ్రాండన్ బ్రౌనర్ ముందున్న రిసీవర్‌ని గీత దగ్గరే నిలిపేశాడు. దాంతో దారి తెరుచుకుంది, బట్లర్ పాస్ అందుకోవాల్సిన సియాటిల్ రిసీవర్ రికార్డో లాకెట్ కన్నా ముందు బంతిని చేరుకున్నాడు. అది టర్నోవర్ తీసుకెళ్లిన మ్యాచ్. హ్యూస్టన్‌లోది టర్నోవర్ లేని డ్రైవ్‌లో, ప్లే షీట్ చేతిలో ఉన్నవాళ్ల నిర్ణయం వల్ల పోయిన మ్యాచ్.

ఆ సియాటిల్ జట్టుకి డిఫెన్స్ కోఆర్డినేటర్ డాన్ క్విన్. ఒక్క గజం దగ్గర బంతి ఎలా పోతుందో సైడ్‌లైన్‌లో నిలబడి చూసినవాడు. హ్యూస్టన్‌లో హెడ్ కోచ్ అతనే, కోఆర్డినేటర్ ఎంచుకున్న ప్లేని కాదనే అధికారం అతనిది. ఫ్రీమన్ ఒక గజం వెనక్కి పడ్డాక తర్వాతి స్నాప్ దాకా దాదాపు 40 సెకన్లు గడిచాయి. పరుగు పెట్టు, ఆ తర్వాత బ్రయంట్‌ని పంపుదాం అని హెడ్‌సెట్‌లో చెప్పడానికి అందులో ఐదు సెకన్లు చాలు.