ఆకుల పంచాయితీ

లైటు తీసేసి పడుకున్నాను కానీ ఎదురింటాయన మాట చెవిలోంచి పోవడం లేదు. "ఏడాది పొడుగునా ఆకు రాల్చే చెట్టేంటండీ బాబూ! ఎప్పుడూ పచ్చగా ఉంటుందనే కదా పెట్టారు?" అన్నాడు. మా ఇంటి ముందు నేను పెట్టిన మాగ్నోలియా చెట్టు గురించి. అన్నది కూడా నాతో కాదు, గేటు దగ్గర నిలబడి ఈయనతో. ఈయనేమో "నిజమేనండీ" అని తలూపారు. నేను వరండాలోనే ఉన్నాను, అల్లం పొట్టు తీస్తూ.

ఎప్పుడూ పచ్చగా ఉండే చెట్టు ఆకు రాల్చదని ఆయనకెవరు చెప్పారు? బాదంచెట్టులాగా ఒక్కసారే బోడైపోదు, అంతే తేడా. కొత్తాకు వస్తుంటే పాతది పసుపు తిరిగి కొంచెం కొంచెంగా రాలుతూనే ఉంటుంది. ఆకు దళసరి. పైన నూనె రాసినంత నిగనిగ, తిరగేస్తే తుప్పురంగు నూగు. రాలాక ఓ పట్టాన కుళ్ళదు. మన బీచ్ గాలికి సిమెంటు రోడ్డు మీద గరగరమంటూ పోయి పోయి ఆయన గేటు ముందే ఆగుతుంది. రోజూ పొద్దున్నే ఆయనే చీపురు పట్టుకుంటున్నాడు. అదీ నిజమే.

కానీ ఆ ఆకులు ఇదివరకు రోడ్డెక్కేవి కావు! అడుగు కొమ్మలు నేలదాకా వాలి ఉండేవి. రాలింది రాలినట్టు లోపలే పడి, కుదురులోనే మగ్గేది. చెట్టుకి ఎరువూ అదే, వేర్లకి చల్లదనమూ అదే. మా చిన్నదాని ఇల్లు అమెరికాలోని షార్లెట్‌లో కదా, వాళ్ళ వీధిలో కావాలనే అలా వదిలేస్తారు. ఆ చెట్టు పుట్టిల్లు అమెరికా ఆగ్నేయ భాగమే, మిసిసిపీకి రాష్ట్ర పుష్పం కూడాను. వాళ్ళకి తెలియదా?

నేను శ్రీకాకుళం పెళ్ళికెళ్ళి వచ్చేసరికి చెట్టు లంగా మోకాళ్ళ పైకెత్తి దోపుకున్న పిల్లలా నిలబడి ఉంది. మాలీని అడిగితే "నీట్‌గా ఉంటాదని అయ్యగారే కొట్టీమన్నారమ్మా" అన్నాడు. దీనికి కోసిన గాయం ఓ పట్టాన మానదు. పోనీ తవ్వి మేడమీద కుండీలోకి మార్చేద్దాం అని నిన్న ఈయన ఇచ్చిన సలహా! దాని వేర్లు తాళ్ళలా లావుగా, కండగా ఉంటాయి, తెగితే కోలుకోవడం కష్టం అని ఎన్నిసార్లు చెప్పాలి?

మాగ్నోలియాల్లో పొట్టి రకమే కావాలని, లిటిల్ జెమ్ అనే దానికోసం నేనెందుకు పట్టుబట్టానో ఈయనకి తెలుసు. పెదవాల్తేరు ఇంట్లో నాన్న సింహాచలం కొండ కింద కొన్న సంపెంగ మొక్క మేడ దాటిపోయింది. పువ్వులన్నీ చిటారు కొమ్మనే. తమ్ముడు దోటీ కట్టి లాగితే సగం పక్కింటి నూతిలో పడేవి. వాళ్ళావిడ వాటిని తీసి జడలో పెట్టుకుని మా ముందే తిరిగేది! అమ్మకి ఒళ్ళు మండేది, పైకి మాత్రం "బాగున్నాయి వదినా" అనేది. నాన్నేమో వాసన మనింటిదే కదా అని నవ్వేవారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఆ చెట్టు వేళ్ళతో సహా లేచి, ఆ ఇంటి ప్రహరీ మీదే పడింది. మర్నాడు కైలాసగిరి చూస్తే పచ్చదనమన్నది లేదు. కరెంటు లేదు, ఫోను లేదు, అయినా అమ్మ పక్కింటికెళ్ళి గోడ గురించి మాట్లాడి వచ్చింది. అప్పుడే అనుకున్నాను, నేనంటూ పెడితే ఎత్తు పెరగని చెట్టే పెట్టాలని. అమెరికాలో మామూలు మాగ్నోలియా 80 అడుగులు కూడా పోతుంది, ఇది 20 దగ్గర ఆగుతుందంటారు. మొక్కల శాస్త్రం వాళ్ళు మన సంపెంగనీ ఇప్పుడు మాగ్నోలియాల్లోనే కలిపేశారు, కాబట్టి వంశం మారలేదు లెండి.

టైపు చేస్తుంటే ఎదురింటాయన మీద కోపం చల్లారింది. పాపం, ఆయన గేటు ముందు చెత్త ఆయన కంటపడదా. ఇప్పుడు కోపమంతా ఈయన మీదే. అదైనా పూర్తిగా నిలవడం లేదు. భోజనాల దగ్గర అసలు సంగతి బయటపడింది. ఆ కొమ్మల కింద పాము దూరినట్టు కనిపించిందట, అత్తయ్య తెల్లవారకుండానే అక్కడ ముగ్గు వేస్తారని కొట్టించారట. ఆ ముక్క ముందే చెప్తే నేనే కొట్టించేదాన్ని కదా! "నువ్వు భయపడతావని" అట. నేనా, పాముకా!

అన్నట్టు ఇవాళ పువ్వు విచ్చింది, మొట్టమొదటిది. మీగడ రంగు, నిమ్మ వాసన. చిన్నదానికి ఫొటో పంపుదామని ఫోను తెచ్చేలోపు అత్తయ్య అప్పన్నకి పెడదామని రేకలు పట్టుకుని చూశారు. వేలు తగిలినచోటల్లా గోధుమరంగు మచ్చ. "మన సంపెంగ ముందు ఇదేం వాసనే" అని తీర్పు కూడా ఇచ్చేశారు. కోయలేదు, అదే నయం.

రేపు ఇటుకలు తెప్పించి కుదురు వెడల్పు చేయిస్తాను, రాలిన ఆకంతా అందులోకే. ఊడ్చేది మాత్రం ఈయనే. ఎదురింటాయన గేటు ముందువి కూడా.