మూడో రాత్రి పిక్క నొప్పి

ఎడమ మోకాలికి కీలు మార్పిడి ఆపరేషన్ అయి పద్నాలుగు నెలలు. ఇప్పుడు భయం తగ్గింది కాబట్టి రాస్తున్నాను.

"చిప్ప మార్పించుకున్నారటగా" అంటారు అందరూ. మార్చింది చిప్పని కాదు. తొడ ఎముక కొసకి కోబాల్ట్ క్రోమియం తొడుగు, కింది ఎముక తల మీద టైటానియం పళ్ళెం, ఆ రెండింటి మధ్య పాలిథిలిన్ అనే గట్టి ప్లాస్టిక్ దిమ్మ. లోహపు ముక్కల్ని సిమెంటుతో అతికిస్తారు. నా చిప్ప నాకే ఉంది. వెన్నులో మత్తు, గంటన్నర పని, మర్నాడు వాకర్‌తో నాలుగడుగులు. అక్కడిదాకా అంతా సవ్యంగానే సాగింది.

మూడో రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది. నొప్పి మోకాల్లో కాదు, పిక్కలో. తడిమితే రాయిలా బిగిసి, వేడిగా ఉంది. బెల్ కొడితే వచ్చిన డ్యూటీ డాక్టరు దుప్పటైనా తీయలేదు. "ఆపరేషనయ్యాక నొప్పి రాదా అమ్మా? ఈ వయసులో ఓర్చుకోవాలి" అని వెళ్ళిపోయాడు. తెల్లవార్లూ వెంకన్నకి మొక్కుకుంటూ పడుకున్నాను. పొద్దున్నే మా అమ్మాయి టేపుతో రెండు పిక్కలూ కొలిచింది: కుడిది 33 సెంటీమీటర్లు, ఎడమది 37. మూడు సెంటీమీటర్లకి మించి తేడా ఉంటే అనుమానించాల్సిందేనని సర్జన్ గారు అప్పటికప్పుడే డాప్లర్ (రక్తనాళాల స్కాన్) తీయించారు. సిరలో రక్తం గడ్డ కట్టింది. అది కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వచ్చేది. రక్తం పలచబరిచే మాత్రలు మూడు నెలలు వేసుకున్నాను. సర్జన్ గారికి చేతులెత్తి దణ్ణం పెడతాను. వెంకన్న మొక్కూ తీర్చుకున్నాను. ఆ రాత్రి మాటని మాత్రం మరిచిపోలేను.

కోపం నా ఒక్కదాని గురించే కాదు. 2017 ఆగస్టులో కేంద్రం ధరలకి కళ్ళెం వేశాక, సుమారు 1.58 లక్షలు పలికే కోబాల్ట్ క్రోమియం కీలు 54,720 రూపాయలకి దిగింది, జీఎస్టీ అదనం. వెనకాడేవాళ్ళకి ధైర్యం వచ్చింది. 2050కి దేశంలో అయిదుగురిలో ఒకరు అరవై దాటినవాళ్ళే అవుతారని అంచనా, అంటే ఈ ఆపరేషన్లూ పెరుగుతాయి. ఆసుపత్రులవాళ్ళు ఆపరేషన్లకి రోబోలు కొంటున్నారు, సంతోషమే. రాత్రి డ్యూటీకి పిక్క తడిమి చూసేవాళ్ళనీ, ఫిజియోలనీ అదే లెక్కన పెంచాలి కదా!

యాభైల్లో ఉన్నవాళ్ళు తొందరపడకండి. పాతికేళ్ళు నిలిచే మోకాళ్ళు నూటికి 82 అని 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో లెక్క వేశారు. రెండోసారి మార్చాల్సి వస్తే ఎముక తరిగిపోయి ఉంటుంది, పని కష్టం. షుగరుంటే దాని మూడు నెలల సగటు అదుపులోకి వచ్చాకే తేదీ తీసుకోండి, లేకపోతే చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, మోకాలి కింద దిండు పెట్టకండి. హాయిగానే ఉంటుంది, కాలు మాత్రం వంగినట్టే బిగిసిపోతుంది. దిండు మడమ కింద పెట్టి, మోకాలిని మంచానికేసి అయిదు లెక్కపెట్టేదాకా అదమండి. పూటకి పదిసార్లు. కన్నీళ్ళొస్తాయి, ఆపకండి. మెట్లు ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. కేస్ షీట్‌లో అతికించే కీలు స్టిక్కర్లని ఫోటో తీసుకోండి. ఎప్పుడైనా విప్పాల్సి వస్తే కంపెనీ, సైజు వాటి మీదే ఉంటాయి.

మాఘంలో కుడి మోకాలికి చేయిస్తున్నాను. ఇదివరకు గడ్డ కట్టిందని కేస్ షీట్ మొదటి పేజీలోనే రాయించాను. టేపు సంచిలో పెట్టేశాను.