ఆగిన బండినే అడగాలి

శనివారం, రాత్రి పదకొండు. లైప్‌జిగ్.

మా ఫ్రెండ్ వంటగదిలో గిన్నెలు సర్దుతున్నాడు. నేను హాల్లో పరుపు పరుచుకుని, మర్చిపోకముందే ఇవాళ జరిగింది రాసుకుంటున్నాను. పొద్దున బెర్లిన్‌లో బయల్దేరి, ముక్కూ మొహం తెలియని ఇద్దరి కార్లలో లిఫ్ట్ అడుగుతూ ఇక్కడికి చేరాను. దూరం దాదాపు 190 కిలోమీటర్లు. పెద్ద రైలెక్కితే గంటా పావు. నాకు నాలుగు గంటలు పట్టింది. అయినా చాలా సంతోషంగా ఉంది. ఎందుకంటే జులైలో ఇదే ప్రయాణం మొదలుపెట్టి, బెర్లిన్ దాటలేక ఇంటికి తిరిగి వెళ్ళిపోయాను.

ఆ రోజు చేసిన తప్పేమిటో నాకు చాలా రోజులు అర్థం కాలేదు. మ్యాప్ చూసి, మా ఇంటికి దగ్గరగా ఆటోబాన్, అంటే ఇక్కడి ఎక్స్‌ప్రెస్ హైవే, ఎక్కడ మొదలవుతుందో అక్కడికి వెళ్ళాను. ఫుంక్‌టుర్మ్ టవర్ దగ్గర ఏ 115 నంబరు ఆటోబాన్ మొదలవుతుంది. లోపలికి వెళ్ళే దారి పక్కన, ఆటోబాన్ మొదలైందని చెప్పే నీలం బోర్డుకు ఇవతలే నిలబడ్డాను. జర్మనీలో లిఫ్ట్ అడగడం నేరం కాదు గానీ, ఆటోబాన్ మీద కాలు పెట్టి నడవడం చట్టప్రకారం నిషిద్ధం. ఆ బోర్డే హద్దు. అట్టముక్క మీద లైప్‌జిగ్ అని పెద్ద అక్షరాలతో రాసి పట్టుకున్నాను, బొటనవేలు చూపించాను, నవ్వాను కూడా. రెండున్నర గంటలు గడిచినా ఒక్క కారూ ఆగలేదు.

మనుషులు మంచివాళ్ళు కాదేమో అనుకుంటూ ఇంటికి వచ్చాను. అది నిజం కాదని ఇప్పుడు తెలుసు. అక్కడ సిగ్నల్ పడగానే వచ్చే డ్రైవర్ ఏ లైన్‌లోకి వెళ్ళాలా అని బోర్డులు చూసుకుంటాడు. నన్ను చూసేది రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లలో నేనెవరినో అంచనా వేసి, ఎక్కించుకోవాలని అనుకుని, ఆపడానికి చోటు వెతుక్కోవాలి. ఆపే చోటే లేదు. వెనక కార్లు హారన్ కొడుతుంటాయి. పైగా ఆ కార్లలో సగం ఊరి చుట్టూ తిరిగే రింగు రోడ్డుకు పోయేవి. ఎంత మంచి మనసున్నా అక్కడ ఎవరూ ఆగలేరు.

ఆ సంగతి ఫోన్‌లో చెప్తే నాన్న ఒకే మాట అన్నాడు. “ఆగిన బండినే అడగాలె రా. పోయే బండిని ఆపొద్దు.”

నాన్నది సూర్యాపేట. కొన్నేళ్ళు హైవే పక్కనున్న ఒక పల్లెలో టీచర్‌గా పనిచేశాడు. ఇప్పుడు 65 అంటున్న ఆ హైవేని అప్పట్లో 9వ నంబరు అనేవాళ్ళు. సాయంత్రం బస్సు దొరక్కపోతే రోడ్డు మీద చెయ్యెత్తి నిలబడేవాడు కాదు. లారీలు టీకి ఆగే హోటల్ దగ్గరికి కిలోమీటరున్నర నడిచి వెళ్ళి, తనూ ఓ టీ తాగుతూ డ్రైవర్లతో మాట కలిపేవాడు. చిన్నప్పుడు రెండుమూడుసార్లు నేనూ వెంట ఉన్నాను. “ఏ దిక్కు పోతున్నరన్నా?” అని అడిగేవాడు. ముందు వాళ్ళ దారి తెలుసుకుని, తర్వాతే తన అవసరం చెప్పేవాడు. పొద్దున నికొలాస్‌జే స్టేషన్‌లో దిగినప్పుడు ఆ టీ వాసనే గుర్తొచ్చింది.

నికొలాస్‌జే బెర్లిన్‌కు నైరుతి మూల. ఎస్-బాన్ అనే లోకల్ రైళ్ళలో ఎస్ 7, ఎస్ 1 రెండూ అక్కడ ఆగుతాయి. ఎండాకాలంలో టవళ్ళు, పిల్లలతో జనం వాన్‌జే సరస్సు ఒడ్డుకు వెళ్ళేది ఇక్కడ దిగే. ఇవాళ సెప్టెంబరు చలికి అంతమంది లేరు. స్టేషన్ నుంచి కొంచెం నడిస్తే ఏ 115 పక్కనే గ్రూనెవాల్ట్ అనే విశ్రాంతి స్థలం, అందులో పెట్రోల్ బంకు ఉన్నాయి. ఈ రోడ్డును ఇక్కడివాళ్ళు ఇప్పటికీ ఆవుస్ అనే పిలుస్తారు. 1921లో కార్ల పందేల కోసం తెరిచిన రోడ్డు ఇది. ఊళ్ళోంచి దక్షిణానికో పడమరకో పోయే కార్లు చాలా వరకు ఈ దారిలోనే వస్తాయి. నాకు కావలసిన చోటు ఇలాంటిదే: ఊరి లోపలి గందరగోళం అయిపోయి ఉండాలి, బండ్లు ఇంకా వేర్వేరు దారుల్లోకి చీలిపోకూడదు, వాటంతట అవే ఆగాలి.

బంకు షాపులో కాఫీ కొని, కౌంటర్‌లో ఉన్న అమ్మాయికి చెప్పాను, కాసేపు ఇక్కడ లిఫ్ట్ అడుగుతాను, ఎవరికైనా ఇబ్బందైతే చెప్పండి అని. సరేనని తలూపింది. అనుమతి అడగాలని రూలేమీ లేదు. కానీ ముందుగా చెప్తే మనకూ భయం తగ్గుతుంది, వాళ్ళూ మనల్ని అనుమానంగా చూడరు.

తర్వాత నంబర్ ప్లేట్లు చదువుతూ నిలబడ్డాను. ఈ దేశంలో ప్లేటు మీద మొదటి అక్షరాలు బండి ఏ ఊళ్ళో రిజిస్టరైందో చెప్తాయి. బి అంటే బెర్లిన్. పి అంటే పక్కనే ఉన్న పోట్స్‌డామ్, అంటే నాకు పనికిరాదు. ఎల్ అంటే లైప్‌జిగ్. ఎమ్ అంటే మ్యూనిక్, ఎన్ అంటే న్యూరెంబర్గ్. ఈ రెండూ సొంతూరికి వెళ్తుంటే ఏ 9 మీద లైప్‌జిగ్ పక్కనుంచే పోవాలి. హెచ్ అంటే హానోవర్, అది పడమర దారి. ఇంతకుముందు ఏ కారు చూసినా అందం, ధర గురించి ఆలోచించేవాణ్ణి. ఇవాళ ప్రతి కారూ ఒక ఊరి పేరులా కనిపించింది.

నిజం చెప్పాలంటే మొదటి మనిషిని అడగడానికి పావుగంట పట్టింది. గొంతులో ఏదో అడ్డం పడినట్టు అనిపించింది. చెయ్యి చాపి అడుక్కుంటున్నానేమో అన్న సిగ్గు. డ్రైవర్ తన కారుకు తానే పెట్రోల్ పోసుకునేటప్పుడు అడగకూడదని అప్పుడే తెలిసింది. పంపు చేతిలో ఉంటే అటూ ఇటూ కదల్లేడు, ఇరుక్కుపోయినట్టు ఉంటుంది. డబ్బు కట్టి షాపులోంచి బయటికి వచ్చేటప్పుడు అడిగితే తేలిగ్గా కాదనగలడు. కాదనే వీలు ఇచ్చినప్పుడే మనుషులు ఔననగలరు. నాన్న కూడా లారీ డ్రైవర్ టీ తాగేదాకా ఆగేవాడు.

“క్షమించండి, మీరు లైప్‌జిగ్ వైపు వెళ్తున్నారా?” నాకొచ్చిన జర్మన్‌లోనే అడిగాను. తొమ్మిది మంది కాదన్నారు. ఇద్దరు పోట్స్‌డామ్‌కే అన్నారు. ఒకావిడ కారు నిండా పిల్లలు, కుక్క. వెనక సీటు చూపించి నవ్వింది. ఒకాయన మిషెన్‌డోర్ఫ్ దాకా దింపుతానన్నాడు. అది బెర్లిన్ బయటి రింగు రోడ్డు మీద పెద్ద విశ్రాంతి స్థలం, వెళ్ళినా నష్టం లేదు. కానీ ఇంకాసేపు చూద్దామనిపించింది. ఈ చోటు మీద నమ్మకం కుదిరింది.

పది గంటలప్పుడు ఎన్ ప్లేటుతో పాత స్టేషన్ వ్యాగన్ ఒకటి ఆగింది. డెబ్బై దాటిన మనిషి. నా అట్టముక్కను, నన్ను చూసి, నేను నోరు తెరవకముందే, “నేను కూడా ఇలాగే నిలబడేవాణ్ణి. ఎక్కు” అన్నాడు. ఎక్కేముందు ప్లేటు ఫొటో తీసి మా ఫ్రెండ్‌కు పంపుతానని ఆయనకు చెప్పే చేశాను. మంచి పని చేశావన్నాడు. మా క్లాసులో అమ్మాయిలు ఇలా వెళ్ళేటప్పుడు ఇద్దరు కలిసి వెళ్తారు, ఈ ఫొటో పద్ధతి వాళ్ళ దగ్గరే నేర్చుకున్నాను. అందరూ ఇలా బయల్దేరండని నేను ఎవరికీ చెప్పను. మనసుకు సరిగ్గా అనిపించని కారును వదిలేయడానికి ఏ కారణమూ చెప్పక్కర్లేదు.

బయల్దేరిన కొన్ని నిమిషాలకే డ్రైలిండెన్ వచ్చింది. ఆయన వేగం తగ్గించి వేలు చూపించాడు. జర్మనీ రెండుగా విడిపోయి, వెస్ట్ బెర్లిన్ వేరుగా ఉన్న రోజుల్లో సరిహద్దు తనిఖీ అక్కడే. మిత్రదేశాలవాళ్ళు దానికి చెక్‌పాయింట్ బ్రావో అని పేరు పెట్టుకున్నారు. ఆయన 1970ల్లో వెస్ట్ బెర్లిన్‌లో చదువుకున్నాడు, సెలవులకు న్యూరెంబర్గ్ వెళ్ళాలంటే ఇక్కడే నిలబడేవాడట. ఒక్కడే కాదు, చేతుల్లో అట్టముక్కలతో వరసగా కుర్రాళ్ళు, అమ్మాయిలు.

“దానంత మంచి చోటు జర్మనీలో ఇంకోటి ఉండేది కాదు” అన్నాడు. ఎందుకో ఆయన చెప్తుంటే నాకు ఒళ్ళు జలదరించింది. వెస్ట్ బెర్లిన్ చుట్టూ తూర్పు జర్మనీ. కారులో బయటికి పోవాలంటే వాళ్ళు గీసిచ్చిన ట్రాన్సిట్ దారులే, దారి వదిలి పక్క ఊళ్ళోకి దిగడానికి వీల్లేదు. ప్రతి కారూ తనిఖీ దగ్గర ఆగి తీరాలి. ఒకసారి ఎక్కించుకున్నారంటే మధ్యలో దింపేసే మాటే లేదు, అవతలి సరిహద్దు దాకా తీసుకెళ్ళాల్సిందే. మనుషులను విడదీయడానికి కట్టిన గేటే ఇద్దరు అపరిచితులను గంటల తరబడి ఒక కారులో కూర్చోబెట్టేది. అలా ఒకసారి కలిసిన అమ్మాయే తర్వాత తన భార్య అయిందని చెప్పి, కాసేపు మౌనంగా బండి నడిపాడు. ఆమె ఇప్పుడు లేదు. అడగకుండానే చెప్పాడు.

ఇందుకే నేను రైలు వదిలి ఇలా వస్తాను. ఈ దేశానికి వచ్చి రెండేళ్ళయింది. క్లాసులో, పార్ట్‌టైమ్ పనిలో ఎందరో జర్మన్లతో మాట్లాడాను గానీ, ఒక్కరితోనూ గంటసేపు జీవితం గురించి మాట్లాడలేదు. పక్కపక్కన కూర్చుని, ఇద్దరి చూపూ రోడ్డు మీదే ఉన్నప్పుడు మాట ఎంత తేలిగ్గా వస్తుందో ఇవాళ చూశాను. నేను సూర్యాపేట హోటల్ గురించి, నాన్న టీ గురించి చెప్పాను. మీ నాన్న ఇక్కడికి వస్తే డ్రైలిండెన్ చూపించమన్నాడు.

ఏ 9 ఎక్కాక ఫ్లేమింగ్ ప్రాంతమంతా పైన్ చెట్లే. ఒక తప్పు చేయబోయి ఆయన వల్లే తప్పించుకున్నాను. ఏ 9, ఏ 14 కలిసే ష్కోయిడిట్స్ జంక్షన్ దగ్గర దింపమందామనుకున్నాను, మ్యాప్‌లో లైప్‌జిగ్‌కు అదే దగ్గర. అక్కడ ఆపకూడదు, ఆపినా నడవడానికి దారుండదు అన్నాడు. దానికి ముందు వచ్చే కోకెర్న్ విశ్రాంతి స్థలంలో దింపాడు. “చివరి జంక్షన్ కాదు, దానికి ముందున్న చివరి బంకు” అన్నాడు. నాన్న మాటకు ఇంకో సగం దొరికినట్టనిపించింది. దిగేటప్పుడు డబ్బు ఇస్తానని ఊరికే కూడా అనలేదు. మన దగ్గర లారీ దిగేటప్పుడు ఎంతోకొంత డ్రైవర్ చేతిలో పెట్టడం మర్యాద, ఇక్కడ అలా పెడితే బాధపడతారు. బ్యాగులో ఉన్న సున్నుండల డబ్బా తెరిచి రెండు ఇచ్చాను. ఒకటి అక్కడే తిన్నాడు.

కోకెర్న్‌లో పదిహేను నిమిషాలే. ఎల్ ప్లేటున్న మూడో కారావిడ ఎక్కించుకుంది. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ అయిపోయి, బంధువులింటికి వెళ్ళి తిరిగి వస్తోంది, నిద్ర రాకుండా ఎవరైనా మాట్లాడితే బాగుండనుకుంటున్నానంది. దారంతా వంకాయ కూర ఎలా వండాలో చెప్పాను. ఎగ్జిబిషన్ గ్రౌండ్ దగ్గర, 16వ నంబరు ట్రామ్ మొదలయ్యే చోట దింపింది.

ట్రామ్ కోసం ఎదురుచూస్తూ నాన్నకు ఫోన్ చేశాను. మొత్తం విని, “పెద్దాయన పేరడిగినవా?” అన్నాడు. అడగలేదు. ఆయనా నా పేరు అడగలేదు. “అయితే ఏం చేస్తరు, మల్ల ఎట్ల దొరుకుతడు” అని నాన్న నిజంగానే బాధపడ్డాడు. అమ్మ ఫోన్ లాక్కుని తిన్నావా అని అడిగింది.

ఫ్రెండ్ ఇప్పుడే వచ్చి లైట్ ఆర్పనా అన్నాడు. సోమవారం తిరుగు ప్రయాణం. రేపు మధ్యాహ్నం అన్నం తిన్నాక ఇద్దరం ట్రామ్ ఎక్కి, ఊరి ఉత్తరం వైపు బెర్లిన్ కార్లు ఎక్కడ పెట్రోల్ పోయించుకుంటాయో చూసి రావాలి.