చెరువు గట్టు మీద బడి పిల్లలతో: మార్చి అప్‌డేట్

మా ఊరు గుంటూరు దగ్గరే. ఇక్కడి హైస్కూల్ పిల్లల్ని ఆదివారాలు పిట్టల్నీ పురుగుల్నీ చూపించడానికి చెరువు దగ్గరికి తీసుకెళ్తున్నా, ఇప్పుడిప్పుడే గాడిలో పడుతోంది. ఆరు, ఏడు క్లాసుల వాళ్ళే, పెద్దోళ్ళకి ట్యూషన్లు, పిలిచినా రారు. పొద్దున ఆరున్నరకి మొదలెట్టి ఎనిమిదికల్లా ఆపేస్తాం, ఎండెక్కితే పిట్టలూ ఉండవు పిల్లలూ నిలబడరు. నాతో ఇంకో పెద్దమనిషి ఉంటేనే వెళ్తాం, నీళ్ళలోకి ఎవరూ దిగకూడదు.

పులులు, పాండాల పోస్టర్లు నాకు పడవు. వీళ్ళు రోజూ గేదెల్ని కడిగే చోటే బోలెడుంది. సామాను కూడా పెద్దగా లేదు, ఒక తెల్ల ప్లాస్టిక్ టబ్బు (తెల్లదే కావాలి, రంగు టబ్బులో పురుగులు కనపడవు), కర్రకి కట్టిన టీ జాలి, భూతద్దం, నా పాత 8×40 బైనాక్యులర్స్.

జమ్ము మొదళ్ళలో జాలి తిప్పితే తూనీగ పిల్ల దొరికింది. రెక్కల్లేకుండా బురద రంగులో ఉంది, ఇది తూనీగ అవుతుందంటే ఒక్కరూ నమ్మలా. తొట్టిలోంచి పట్టుకొచ్చిన దోమ లార్వాల్ని దాంతో పాటు టబ్బులో వదిలాం, కాసేపు కదల్లేదు, తర్వాత గడ్డం కింద మడిచి పెట్టుకున్న దవడ చటుక్కున చాచి ఒకదాన్ని లాగేసుకుంది. ఇక "అక్కా ఇంకోటి వెయ్యి" అని ఒకటే గోల. చూడ్డం అవగానే నీళ్ళతో సహా తీసిన చోటే పొయ్యాలి, అది రూల్. (దోమల్ని మాత్రం పొయ్యలేదు లెండి.)

ఈ నెల అసలు విశేషం తీతువు గూడు. గూడంటే ఏం లేదు, గట్టు మీద కంకరలో చిన్న గుంట, నాలుగు గుడ్లు, మట్టి రంగు మీద నల్ల మచ్చలు, రెండడుగుల దూరం నుంచి కూడా రాళ్ళే అనుకుంటాం. తీతువు అరిస్తే కీడని ఇంట్లో చెప్తారుగా, ఇద్దరు భయపడి దూరంగా నిలబడ్డారు. అది అరిచేది గుడ్ల దగ్గరికి రావద్దని, ఎండ మండితే పొట్ట ఈకలు నీళ్ళలో తడుపుకొచ్చి మరీ గుడ్లని చల్లబరుస్తుంది అని చెప్పాక వాళ్ళే ముందుకొచ్చారు. చుట్టూ ముళ్ళకంప పెడదామన్నారు, వద్దన్నా, కాకులకి మనమే గుర్తు పెట్టిచ్చినట్టు. మేమే దారి మార్చుకున్నాం.

ఇంతలో గట్టు మీద సర్కారు తుమ్మ పీకడానికి జేసీబీ వస్తోందని తెలిసింది. తుమ్మ పోతే మంచిదే, గూడున్న ముక్క ఒక్కటి నెల రోజులు వదిలెయ్యమని పిల్లలే వెళ్ళి వార్డు మెంబర్‌ని అడిగారు. 28-30 రోజులు పొదిగితే చాలు, పిల్లలు పుట్టిన రోజే నడుస్తాయి కాబట్టి ఆ తర్వాత ఇబ్బంది లేదు. ఆయన సరేనన్నాడు, నేనడిగితే వినేవాడా అంటే డౌటే.

గుంటూరు దగ్గరున్న ఉప్పలపాడు పక్షుల కేంద్రానికి కూడా వెళ్ళొచ్చాం. గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ చూసి ఒకడు, మన చెరువుకెందుకు రావన్నాడు. చుట్టూ నీళ్ళున్న చెట్టైతే కుక్కలూ పిల్లులూ ఎక్కలేవు, మన చెరువు మధ్యలో ఒక్క చెట్టన్నా లేదు కదా అని ఇంకో పిల్లే చెప్పింది.

2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీకీ ఊళ్ళో చెట్లూ జీవాలూ రాసిన రిజిస్టర్ ఉండాలి. మాది ఒకసారి చూపించమని వచ్చే వారం పంచాయతీ ఆఫీసులో అడగాలి. పిల్లల నోట్‌బుక్కుల్లో ఇప్పటికే వాళ్ళ నాయనమ్మలు చెప్పిన ఆకుకూరల పేర్లు చాలా ఉన్నాయి, దాంట్లో లేనివి ఏవో పోల్చి చూస్తాం.