సముద్రతీరాన సన్నజడలు

సెలవులకు సముద్రతీరానికి వెళ్లినప్పుడు, ఇసుకలో చిన్న పీట వేసుకుని, రంగు దారాలూ పూసలూ ఒళ్లో పెట్టుకుని, వచ్చేపోయేవారికి సన్నజడలు అల్లే స్త్రీల దగ్గర నేను ఇప్పటికి రెండుసార్లు కూర్చున్నాను. మొదటిసారి ఆ జడలను రెండు రాత్రులు కూడా భరించలేక విప్పేశాను. రెండోసారి పది రోజులు హాయిగా ఉంచుకున్నాను. అల్లినవారి నేర్పులో తేడా ఏమీ లేదు. మొదటిసారి నొప్పి పుడుతున్నా నోరు మెదపలేదు, రెండోసారి మొదటి జడ దగ్గరే చెప్పాను.

ఆ నేర్పు గురించి ముందుగా చెప్పాలి. మాడుకు అంటుకుని వరుసలుగా సాగే ఈ జడ ఆఫ్రికా ఖండంలో వేల ఏళ్లుగా చేతినుంచి చేతికి అందుతూ వచ్చిన విద్య. తోక దువ్వెన మొనతో గీత గీసినట్లు పాపిడి తీసి, నుదుటి దగ్గర మూడు చిన్న పాయలతో మొదలుపెట్టి, మెలిక వేసిన ప్రతిసారీ మాడునుంచి కొన్ని వెంట్రుకలు కలుపుకుంటూ మెడ వరకు వెళతారు. మామూలు జడలో పక్కపాయ నడిమిపాయ మీదుగా వస్తుంది. ఇందులో అడుగునుంచి వెళుతుంది, అందుకే జడ తలమీద తాడు పరిచినట్లు ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. నాకంటే ముందు కూర్చున్న అమ్మాయికి అల్లుతుండగా చూశాను: ఆమె కలపవలసిన వెంట్రుకలను చిటికెనవేలి గోటితో విడదీసి, లెక్కపెట్టినట్లు ప్రతిసారీ అంతే తీసుకుంటోంది, చూపు మాత్రం ఎక్కువసేపు సముద్రం వైపే ఉంది. ఆ వేళ్లను చూసే నాకూ కూర్చోవాలనిపించింది.

మొదటిసారి బిగుతుగా ఉంటేనే జడ ఎక్కువ రోజులు నిలుస్తుందనుకున్నాను. రాత్రికి తల దిండుకు ఆనించలేకపోయాను, కనుబొమలు పైకి లాగుతున్నట్లు ఉంది, తెల్లవారేసరికి కణతల దగ్గర వెంట్రుకల కుదుళ్ల చుట్టూ ఎర్రని చిన్న పొక్కులు లేచాయి. ఆ నొప్పి అలవాటయ్యే నొప్పి కాదని అప్పుడు నాకు తెలియదు. వెంట్రుకను ఆగకుండా లాగుతూ ఉంటే కుదురు దెబ్బతిని జుట్టు ఊడుతుంది. బిగుతుగా జుట్టు కట్టుకునే గ్రీన్‌లాండ్ స్త్రీలలో దీనిని 1907లోనే ఒక వైద్యుడు గమనించి రాశాడు. కొద్ది రోజుల లాగుడుకు ఊడిన జుట్టు సాధారణంగా తిరిగి వస్తుంది, కానీ నెలలు, ఏళ్లు అదే పనిగా లాగితే కుదురున్న చోట మచ్చ కట్టి మళ్లీ మొలవదు. అన్నిటికంటే ముందు నష్టపోయేవి నుదుటి అంచున, కణతల మీద ఉండే సన్నని వెంట్రుకలు.

అందుకే రెండోసారి, మొదటి జడ సగానికి రాగానే, "కొంచెం వదులుగా వేయండమ్మా, ఇక్కడ లాగుతోంది" అన్నాను. ఆమె ఏమాత్రం నొచ్చుకోకుండా ఆ జడ విప్పి, కణతల దగ్గరి పిల్లవెంట్రుకలను వదిలేసి, మళ్లీ మొదలుపెట్టింది. ఇంత సులువైన మాటను మొదటిసారి ఎందుకు మింగానో ఇప్పటికీ బాధగా ఉంటుంది. కనుబొమలు ఎగరేసి చూడండి. నుదుటి చర్మం నొప్పి లేకుండా కదిలితే బిగువు సరిపోయినట్లే.

కూర్చునే ముందు, చెప్పిన ధర ఒక్కో జడకా, తల మొత్తానికా అన్నది స్పష్టంగా అడగాలి. తామర వంటి మాడు జబ్బులు దువ్వెనల ద్వారా అంటుకోగలవు కనుక నేను నా దువ్వెన తీసుకువెళ్లి ఇచ్చాను, ఆమె సంతోషంగానే దానితో పని చేసింది. తడిజుట్టు సాగి తేలికగా తెగుతుంది కాబట్టి, ఈత నుంచి నేరుగా వెళ్లి కూర్చోకుండా ఆరేవరకు ఆగాను.

ఎవరూ ముందుగా హెచ్చరించని సంగతి ఎండ. రోజూ జుట్టు కప్పి ఉంచే మాడు, ఇరవై పాపిడులు తీసేసరికి ఇరవై గీతలుగా ఎండకు బయటపడుతుంది. మొదటిసారి ఆ గీతలన్నీ కమిలి, తర్వాత పొట్టు రాలింది. రెండోసారి పాపిడుల వెంట వేలికొసతో సన్‌స్క్రీన్ రాసుకుని, బయటికి వెళ్లినప్పుడల్లా పలుచని నూలుబట్ట చుట్టుకున్నాను.

పదో రోజు విప్పుకున్నాను. కొసలకు వేసిన చిన్న రబ్బరు బ్యాండ్లను లాగితే వాటితోపాటు జుట్టు తెగి వస్తుంది, అందుకని కత్తెర మొనతో బ్యాండును మాత్రమే కత్తిరించి, వేళ్లకు కాస్త నూనె రాసుకుని కొసనుంచి పైకి ఒక్కో జడ విప్పుతూ వచ్చాను. చివరికి చేతిలో గుప్పెడు జుట్టు మిగిలింది. మొదట గుండె ఝల్లుమంది. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం ఎవరికైనా మామూలే. పది రోజులు రాలినవి, అంటే 500 నుంచి 1,000 వరకు, ఎక్కడికీ పోలేక జడలోనే చిక్కుకుని ఉంటాయి. అద్దం ముందు నిలబడి కణతలు వేలితో తడిమి చూసుకున్నాను. పిల్లవెంట్రుకలు అన్నీ అక్కడే ఉన్నాయి.