ఒంటిచేతి మంగళవారం

కట్టు వేసి ఇవాళ్టికి పదకొండు రోజులు. వానొస్తోందని మేడమీద ఆరేసిన బట్టలు ఆదరాబాదరా తీసుకొస్తూ మెట్ల మీద జారాను. బట్టలు తడవలేదు. నా ఎడమ మణికట్టు దగ్గర ఎముక మాత్రం చిట్లింది.

"పోనీలే, ఎడమ చెయ్యే కదా" అని చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళూ అన్నారు. మొదటిరోజు మధ్యాహ్నం దాకా నేనూ అలాగే అనుకున్నాను. బీరకాయ చెక్కు తీద్దామని కూర్చుంటే తెలిసింది, కుడిచేతిలో కత్తి ఎంత పదునుగా ఉన్నా కాయను పట్టుకునే చెయ్యి లేకపోతే అది పళ్ళెంలో దొర్లుతూనే ఉంటుందని. మిక్సీ మూత అదమడం, పేస్టు మూత తిప్పడం, చీర కుచ్చిళ్ళు పెట్టుకోవడం, ఇవన్నీ ఇన్నాళ్ళూ కుడిచెయ్యే చేస్తోందని భ్రమపడ్డాను. చీరలు మానేసి నైటీల్లో బతుకుతున్నాను.

జడ మరీ కష్టం. పొద్దున మా ఆయన అల్లుతానని ముందుకొచ్చారు. ఐదు నిమిషాల తర్వాత అద్దంలో చూస్తే కొబ్బరితాడు పేనినట్టుంది. విప్పేసి అలాగే వదిలేశాను. యాభై దాటిన కెమిస్ట్రీ లెక్చరర్ని, జుట్టు విరబోసుకుని, మెడకు చెయ్యి వేలాడదీసుకుని సోఫాలో కూర్చున్నాను. ఆయన ఆఫీసుకి వెళ్తూ గుమ్మంలో ఆగి, "మీ అన్నయ్య పోస్టర్లో వాళ్ళలాగే ఉన్నావు" అన్నారు.

ఆ పోస్టర్ ఆయన చూడలేదు. మా అమ్మ చెప్పగా విన్నారంతే.

1988. మేము విశాఖపట్నంలో సాలగ్రామపురం పోర్టు క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. నాన్నగారు పోర్టులో గుమాస్తా. అన్నయ్య అప్పటికి రెండేళ్ళుగా ఓడల్లో ఇంజిన్ రూములో పనిచేస్తున్నాడు. సెలవుకి వచ్చినప్పుడు అమ్మకి పెర్ఫ్యూమ్, నాన్నగారికి షేవింగ్ సెట్టు, నాకు సింగపూర్‌లో కొన్న వాక్‌మన్, దాంతోపాటు ఏడు క్యాసెట్లు. అట్టల మీద బొమ్మలు మసకగా ఉండేవి, లోపల పాటల మాటలు అచ్చేసిన కాగితం ఉండేది కాదు. దొంగ కాపీలని ఇప్పుడు అర్థమవుతోంది గానీ అప్పుడు అదే ఫారిన్ సరుకు.

తను ఒక పోస్టర్ కూడా తెచ్చి గోడకి అంటించాడు. పాయిజన్ అనే బ్యాండు. నలుగురు మగవాళ్ళు, పెదాలకి లిప్‌స్టిక్, కళ్ళకి రంగు, పిచ్చుక గూళ్ళలాంటి జుట్టు. అమ్మ చాలాసేపు చూసి, "ఈ అమ్మాయిలెవర్రా?" అంది. మగవాళ్ళేనని చెబితే నమ్మలేదు. నమ్మాక ఒకటే మాట: "వేదాంతం సత్యనారాయణ శర్మగారు భామ వేషం కడితే ఆడవాళ్ళే కుళ్ళుకునేవారు. వీళ్ళకి రంగు వేసుకోవడం కూడా రాదు." ఆడవేషం వేశారని అమ్మకి కోపం లేదు, కూచిపూడి చూసిన మనిషికి అందులో వింతేముంది? సరిగ్గా వెయ్యలేదనే కోపం.

ఆ జుట్టు గురించి నా సబ్జెక్టుకి సంబంధించిన మాటొకటి. ఓజోన్ పొరకి చిల్లు పడింది వీళ్ళ హెయిర్ స్ప్రే వల్లేనని ఒక జోకుంది. క్లాసులో ఓ పిల్లాడు అన్నాడు కూడా. అది పూర్తిగా అన్యాయం. ఓజోన్‌ని తినేసే క్లోరోఫ్లోరోకార్బన్లను స్ప్రే డబ్బాల్లో వాడకూడదని అమెరికా 1978లోనే చాలావరకు నిషేధించింది. లాస్ ఏంజెలెస్ సన్‌సెట్ స్ట్రిప్ మీద ఈ కుర్రాళ్ళు జుట్టు నిలబెట్టే రోజులకి ఆ డబ్బాల్లో తోసే వాయువు ఎక్కువగా బ్యూటేన్, ప్రొపేన్ రకాలు. అంటే ఓజోన్‌కి భయం లేదు, పక్కన సిగరెట్ వెలిగించేవాడికే భయం.

ఇవాళ్టి సంగతి ఆ పోస్టర్ గురించి కాదు. ఆ ఏడు క్యాసెట్లలో అట్ట చిరిగిపోయేదాకా అరగదీసినది వేరే ఉంది. డెఫ్ లెపర్డ్ అనే బ్యాండు వాళ్ళ ఆల్బమ్, హిస్టీరియా. వీళ్ళు లాస్ ఏంజెలెస్ వాళ్ళు కారు. ఇంగ్లండ్‌లో ఉక్కుకి పేరుపడ్డ షెఫీల్డ్ కుర్రాళ్ళు. పాయిజన్ లాంటి రంగులూ జుట్టూ ఉన్న రాక్‌ని గ్లామ్ మెటల్ అంటారు, ఆ ముద్ర తమకి వేస్తే వీళ్ళకి నచ్చదు. ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్ళో పెరిగినదాన్ని కాబట్టి నాకు మొదటినుంచీ వాళ్ళంటే కొంచెం పక్షపాతం.

మధ్యాహ్నం పెరుగన్నం స్పూనుతో తినేసి ఫోన్లో ఆ ఆల్బమ్ పెట్టాను. మూడో పాటకి చెయ్యి మంట, కట్టులోపల దురద. దురద మర్చిపోవాలని డ్రమ్స్ మీదే చెవి పెట్టాను. అప్పుడు గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ తెలిసిన విషయమే. పదకొండు రోజులుగా ఒంటిచేత్తో ఇంట్లో తిరుగుతూ కూడా అది తట్టలేదంటే ఏమనాలి!

వాళ్ళ డ్రమ్మర్ రిక్ అలెన్‌కి ఎడమ చెయ్యి లేదు.

పదిహేనేళ్ళ వయసులో బ్యాండులో చేరినవాడు. 1984 డిసెంబర్ 31న షెఫీల్డ్ దగ్గర కారు ప్రమాదంలో ఎడమ చెయ్యి తెగిపోయింది. డాక్టర్లు మళ్ళీ అతికించారు గానీ ఇన్ఫెక్షన్ వచ్చి తీసేయాల్సి వచ్చింది. అప్పటికతనికి ఇరవై ఒక్కేళ్ళు. ఆస్పత్రిలో కిందికి జారిపోకుండా మంచం చివర పెట్టిన ఫోమ్ మీద పాదాలతో తాళం వేస్తూ, చేతి పని కాలికి నేర్పొచ్చని కనిపెట్టాడు. బ్యాండువాళ్ళు ఇంకొకణ్ణి తెచ్చుకోలేదు.

మామూలు డ్రమ్స్‌లో కుడిచేతివాటం మనిషైతే కుడిచెయ్యి తాళాల మీద టిక్ టిక్ మంటూ లెక్క నడుపుతుంది. కుడికాలు పెద్ద డ్రమ్ము తంతుంది. ఎడమచెయ్యి స్నేర్ అనే చిన్న డ్రమ్ము మీద, ఒకటి-రెండు-మూడు-నాలుగులో రెండు దగ్గరా నాలుగు దగ్గరా ఫెడేల్మని కొడుతుంది. వినేవాళ్ళు తల ఊపేది ఆ దెబ్బకే. అలెన్‌కి పోయింది సరిగ్గా ఆ చెయ్యి. దాని పనులన్నీ ఎడమకాలి కిందికి తెచ్చారు. నాలుగు పెడళ్ళు, ఒకటి హై-హ్యాట్ అనే జంట తాళాలు మూయడానికి, ఒకటి పెద్ద డ్రమ్ముకి, ఒకటి స్నేర్‌కి, ఒకటి టామ్ అనే ఇంకో డ్రమ్ముకి. తొక్కితే ఎలక్ట్రానిక్ డ్రమ్ము మోగుతుంది. 1986 ఆగస్టులో ఐర్లండ్‌లో చిన్న కచేరీలు చేసినప్పుడు తోడుగా ఇంకో డ్రమ్మర్ కూడా ఉన్నాడు. ఒకరోజు ఆయన రావడం ఆలస్యమైతే అలెన్ ఒక్కడే లాక్కొచ్చాడు. ఇక తోడు అక్కర్లేదన్నారు. అదే నెల ఇంగ్లండ్‌లో డోనింగ్టన్‌లో పెద్ద జనం ముందు వాయించాడు.

సరే, నేనూ చూద్దామని లేచాను. ఎడమకాలి కింద దిండు. కుడిచేతిలో గరిటె, ముందు స్టీలు పళ్ళెం. కుడిచేత్తో వరసగా టిక్ టిక్ టిక్ టిక్. బానే ఉంది. ఇప్పుడు రెండో లెక్కకి ఎడమకాలు. కాలు పడింది, దాంతోపాటు గరిటె కూడా ధనామని పడింది. మళ్ళీ. ఈసారి కాలు మీద దృష్టి పెడితే చెయ్యి ఆగిపోయింది. చెయ్యి నడిపితే కాలు మొండికేసింది. ఇరవైసార్లు ప్రయత్నించి ఉంటాను. ఒక్కసారి, వరసగా రెండు ఆవర్తాలు కుదిరాయి. కుదిరిందని సంతోషించేసరికి చెడిపోయింది. దీనికి కుడికాలు కలపాలి, పైన పాట గుర్తుపెట్టుకోవాలి, ముందు వేలమంది జనం. కింద వాటా పిన్నిగారు మెట్లదాకా వచ్చి, "ఏమైనా పడిందేమిటమ్మా?" అని అడిగారు. ఏం లేదండీ, పళ్ళెం అన్నాను.

ఈ ఆల్బమ్‌ని వెక్కిరించేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. డ్రమ్స్ మెషీన్లా ఉంటాయని. ఉంటాయి, కాదనను. ఆ శబ్దాలు చాలావరకు కంప్యూటర్లో పేర్చినవే. గిటార్ తీగలన్నీ ఒక్కసారి మీటకుండా ఒక్కో స్వరం విడిగా రికార్డు చేసి ఒకదానిమీద ఒకటి పేర్చిన చోట్లున్నాయి. ప్రొడ్యూసర్ మట్ లాంగ్‌కి అంత చాదస్తం. 1984లో మొదలుపెట్టారు. మధ్యలో ఆయన అలిసిపోయి తప్పుకున్నాడు, ఇంకొకరు వచ్చారు, కుదరలేదు, మళ్ళీ ఆయనే వచ్చాడు. డబ్లిన్, హాలండ్, పారిస్ తిరిగి ఎట్టకేలకు 1987 ఆగస్టు 3న విడుదల. 50 లక్షల కాపీలు అమ్మితే గాని పెట్టిన డబ్బు రాదని తర్వాత వాళ్ళే చెప్పుకున్నారు. అమ్ముడైంది 2 కోట్లకు పైగా. ఏడు పాటలు సింగిల్స్‌గా, అంటే విడి రికార్డులుగా కూడా వచ్చాయి. ఆల్బమ్‌కి హిస్టీరియా అని పేరు పెట్టింది రిక్ అలెనే.

పూలచొక్కాల సంగీతమని, పైపై మెరుపని అందరూ అనే ఈ సరుకు వెనక ఇంత మొండి చాకిరీ ఉందని పద్దెనిమిదేళ్ళప్పుడు నాకు తెలీదు. తెలిసినా పట్టించుకునేదాన్ని కాదేమో. నచ్చింది కాబట్టి విన్నాను.

ఆ కాలంలో వచ్చినవన్నీ ఇలాంటివే అనను. ఏడు క్యాసెట్లలో మూడు ఇప్పుడు వినలేను. అసలు ఆ పాటల వీడియోలు యూట్యూబ్‌లో చూశాక నాకు కొంత విరక్తి పుట్టింది. వైట్‌స్నేక్ అనే బ్యాండు పాట ఒకటి ఎంత ఇష్టంగా వినేదాన్నో! వీడియోలో ఒకావిడ జాగ్వార్ కార్ల మీద దొర్లుతూ ఉంటుంది, ఎందుకో ఎవరికీ తెలీదు. మా కాలంలో బొమ్మ కనపడకపోవడమే మేలు చేసింది.

ఇప్పటికీ వదలనిది ఇంకొకటుంది. బాన్ జోవి వాళ్ళ లివిన్ ఆన్ ఎ ప్రేయర్. రేవులో పనిచేసే టామీ, యూనియన్ సమ్మె, ఇల్లు నడపడానికి హోటల్లో పనిచేసే జీనా. ఇంగ్లీషు పాటలో నాకు మొదట అర్థమైన కథ అదే. ఎందుకు అర్థం కాదు? సమ్మె రోజుల్లో నాన్నగారు పొద్దున్నే పేపరు తిరగేసి, చొక్కా తొడుక్కుని, మళ్ళీ విప్పి కొక్కేనికి తగిలించడం చూసినదాన్ని. మొదట చేసిన రూపం గాయకుడు జాన్ బాన్ జోవికి అంతగా నచ్చలేదట. గిటారిస్టు రిచీ సంబోరా పట్టుబట్టాడు. ఆ మొదట్లో వచ్చే వావ్-వావ్ శబ్దం గొట్టం నోట్లో పెట్టుకుని గిటార్‌ని మాట్లాడించడం. చివర్లో శ్రుతి ఒక్కసారి పైకెగిరే చోట అన్నయ్య గొంతు ఎప్పుడూ అందుకునేది కాదు. నాది అందేది. అదొక్కటే నేను తనకంటే బాగా చేసేదాన్ని.

సాయంత్రం తనకే ఫోన్ చేశాను. రిటైరయ్యి కాకినాడలో ఉంటున్నాడు.

"కట్టు ఎప్పుడు తీస్తారమ్మలూ?"

"ఇంకో నాలుగు వారాలట. అన్నయ్యా, నా పాటల నోట్‌బుక్ గుర్తుందా?"

ఎందుకు గుర్తుండదు! మాటల కాగితం లేదు కాబట్టి, టేపు వెనక్కీ ముందుకీ తిప్పుతూ నాకు వినిపించిన ఇంగ్లీషుని నేను రాసేదాన్ని. సగం తప్పులే. పోర్ సమ్ షుగర్ ఆన్ మీ రెండో చరణంలో ఒక లైను మీద ఇద్దరికీ వారంరోజులు మాటల్లేవు. నేనొకటి రాశాను, తను కొట్టేసి ఇంకొకటి రాశాడు.

ఆ పాట హిస్టీరియా ఆల్బమ్‌లో అన్నిటికన్నా చివర చేరింది. పని దాదాపు అయిపోయిన దశలో విరామంలో గాయకుడు జో ఎలియట్ ఊరికే గిటార్ మీద గిల్లుకుంటుంటే లాంగ్ విని పట్టుకున్నాడు. మాటల కోసం ఇద్దరూ చెరో చిన్న టేప్ రికార్డర్‌లో నోటికొచ్చిన అర్థంలేని శబ్దాలు గొణిగారు. తర్వాత ఒకరి టేపు ఒకరు విని, అది ఏ మాటలా వినిపిస్తోందో రాసుకున్నారు. అలా పుట్టింది పాట.

ఇది చెబితే అన్నయ్య ఫోన్లో పగలబడి నవ్వాడు. "అంటే రాసినవాళ్ళు చేసింది కూడా నీ నోట్‌బుక్ పనేనా!"

"మరి నన్నెందుకు తిట్టావు?"

"నువ్వు రాసింది మరీ ఘోరంగా ఉండేదే. ఇప్పటికీ చెబుతున్నా, ఆ లైను నేను రాసిందే కరెక్టు."

కాదన్నాను. నెట్‌లో వెతికితే ఒక్క క్షణంలో తేలిపోతుంది. ఇద్దరికీ ఆ ఊసు రాలేదు. పాట పెట్టమన్నాడు. ఫోన్ స్పీకర్లో వేసి, టాబ్‌లో పాట పెట్టి, ఆ చోటికి జరిపాను. నేను కుడిచేత్తో సోఫా మీద లెక్క వేస్తున్నాను. అవతల తనూ దేనిమీదో వేస్తున్నట్టు చప్పుడు వినిపిస్తోంది. లైను వచ్చింది, వెళ్ళిపోయింది.

ఇద్దరం కాసేపు ఏమీ అనలేదు.

"నువ్వు రాసింది కాదు" అన్నాను.

"నువ్వు రాసిందీ కాదు" అన్నాడు. "మళ్ళీ పెట్టు."